అమ్మేవారిని ఆ ఒక్క ప్రశ్న అడగండి

రెండు తెలుగు రాష్ట్రాల రెవెన్యూ, రిజిస్ట్రేషన్ల శాఖల మంత్రివర్యులకు,

అయ్యా,

నేను ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. మంత్రులకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నా పని జరగాలని రాయడం లేదు. నాకు జరగాల్సింది జరిగిపోయింది. జన్మకొక్కసారి ఇల్లు కొనుక్కునే నాలాంటివాళ్ళు రోజూ మీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో బల్ల ముందు నిలబడి వేలిముద్రలు వేస్తున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

2021లో రిటైర్మెంటు డబ్బుకు కొంత బ్యాంకు లోను కలిపి, గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో పాత డాబా ఇల్లు కొన్నాం. నూట ఎనభై గజాల స్థలం. ఇంటికి ఉత్తరాన ఆరడుగుల సందు. వెనక వసారాకూ, బోరుకూ, సెప్టిక్ ట్యాంకుకూ ఆ సందే దారి. కొనేముందు మేం పడని జాగ్రత్త లేదనుకున్నాం. ముప్పై ఏళ్ళకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం. లింకు డాక్యుమెంట్లు వరుసగా పేర్చుకుని చదివాం. బ్యాంకు లాయరు అంతా సవ్యంగా ఉందని రాసిచ్చారు. సిద్ధాంతిగారిని తీసుకెళ్ళి ఈశాన్యం మూల, వీధిపోటు చూపించాం. మోటారు వేయించి బోరు నీళ్ళు పుక్కిట పట్టి చూశాం.

అమ్మినాయన మర్యాదస్తుడు. వెళ్ళిన ప్రతిసారీ కాఫీ ఇప్పించేవారు. "మీలాంటివాళ్ళ చేతిలో పెడితే ఇల్లు చల్లగా ఉంటుందమ్మా" అన్నారు. ఇంటికి మూడువైపులా గోడలు పాతబడి నాచు పట్టి ఉన్నాయి. సందువైపు గోడ మాత్రం కొత్త సున్నంతో తెల్లగా మెరుస్తోంది. మొత్తం వేయించడానికి చేతిలో డబ్బు ఆడలేదేమో అనుకున్నాం.

పాలు పొంగించిన రోజు మధ్యాహ్నం, సామాను వెనక వసారాలో పెట్టిద్దామని కూలీలను సందులోకి పంపాను. పక్కింటాయన గుమ్మంలోకి వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. "అమ్మా, ఆ సందులో అడుగు పెట్టనివ్వకండి. అది కోర్టులో ఉంది" అన్నారు. ఎదురింటి మామ్మగారు అరుగు మీంచి లేచొచ్చి, "అయ్యో, మీకు చెప్పలేదా తల్లీ? వీధి వీధంతా తెలుసుగా!" అన్నారు.

సందు తనదంటూ 2017లో పక్కింటాయన అమ్మినాయన మీద వేసిన ఇంజంక్షన్ దావా నడుస్తోంది. దానికి ముందు ఇద్దరూ ఒకరి మీద ఒకరు రెండుసార్లు పోలీసు స్టేషనుకెళ్ళారు. పెద్దమనుషుల్లో పెడితే రెండుసార్లూ తెగలేదు. ఇవన్నీ పక్షం రోజుల్లో వీధి నోటనే విన్నాను. ఆ జూన్‌లో తొలకరి గట్టిగా పడింది. మర్నాడు పొద్దున చూస్తే సందువైపు గోడకు సున్నం చారలు చారలుగా కారిపోయి, కింద ఎర్ర పెయింటు అక్షరాలు బయటపడ్డాయి. "ఈ సందు కోర్టు వివాదంలో ఉంది. ఎవరూ కొనరాదు." కొనేవాళ్ళకోసం రాసిన మాట అది. కొన్నాక చదువుకున్నాం.

లాయరు దగ్గరకు వెళ్ళాం. కాగితాలన్నీ చూసి ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. "అమ్మా, ఇరుగుపొరుగుతో గొడవలేమైనా ఉన్నాయా అని మీరు ఆయన్ని అడిగారా?"

లేదన్నాను. నీళ్ళ గురించి అడిగాను, కరెంటు బిల్లు అడిగాను, ఇంటిపన్ను రసీదులు అడిగాను. ఇది అడగాలని నాకు తోచలేదు.

"అడిగి, ఆయన లేవని చెప్పి ఉంటే మన కేసు వేరుగా ఉండేది" అన్నారాయన.

అయ్యా, ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే. చట్టాలు అంతకుముందు నాకు తెలియవు. ఆరోజు నుంచి తెలుసుకున్నాను. తెలుసుకున్నది తమకు మనవి చేస్తాను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ అమ్మేవారి బాధ్యతలు చెబుతుంది. ఆస్తిలోగానీ దాని మీది హక్కులోగానీ ముఖ్యమైన లోపం ఉండి, అది తనకు తెలిసి, కొనేవారికి తెలియక, వాళ్ళు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేనిదైతే, అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందే లెక్క. నూట నలభై ఏళ్ళ కిందటే ఇంత మంచి మాట రాశారు. కానీ మాలాంటివాళ్ళ బాధ ఇందులో రెండుచోట్ల జారిపోతోంది.

మొదటిది, ఆస్తిలో లోపమంటే ఏమిటన్నది. గోడ బీటలిస్తే అది లోపం. గోడ అవతలి మనిషితో ఏళ్ళ తరబడి సాగుతున్న వైరం లోపమా? దారి మీద దావా ఉంటే అది హక్కు మీది లోపమేనని వాదించవచ్చు. మా అమ్మకందారు దగ్గర దానికీ జవాబుంది. "దావా సందు మీద, ఇంటి మీద కాదు" అన్నారు. దస్తావేజులో సందు చెక్కుబందిలో ఉత్తరపు హద్దుగానే ఉంది. అందులోనే ఉన్న, సదరు ఆస్తి మీద ఏ తగాదాలూ లేవన్న వాక్యం అక్షరాలా నిజమేనని ఆయన వాదన. ఇక రాత్రి పన్నెండింటికి మోగే మైకు, వాకిట్లోకి వదిలే మురుగు, గేటుకు అడ్డంగా పెట్టే కారు, పిట్టగోడ మీంచి వచ్చే తిట్లు, ఇవేవీ ఆస్తి లోపాలు కావు. వాటి మధ్య బతకాల్సింది మాత్రం మనిషే.

రెండోది మామూలు జాగ్రత్త అన్న షరతు. వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవారు కదా, మీరెందుకు అడగలేదని ఎదుటి లాయరు అంటాడు. వీధంతటికీ తెలియడమే అమ్మినాయనకు రక్ష అయింది. మామ్మగారు జాలిపడి అన్న మాటే రేపు కోర్టులో నాకు ఎదురు తిరుగుతుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇంకా గట్టిది. 17వ సెక్షన్ ప్రకారం, నోరు విప్పాల్సిన బాధ్యత లేనిచోట ఊరకుండటం మోసం కాదు. అందులోనే గుర్రం ఉదాహరణ ఇచ్చారు. గుర్రానికి జబ్బుందని తెలిసీ, ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదు. అయితే కొనేవాడు "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అన్నప్పుడు అమ్మేవాడు ఊరకుంటే, ఆ మౌనం మాటతో సమానం. మౌనం అర్ధాంగీకారమని మనం ఊరికే అనుకుంటాం. చట్టం దృష్టిలో, ఎదుటివాడు అడిగినప్పుడే మౌనానికి అర్థం వస్తుంది.

తెలిసి దాచిపెట్టడం మోసమేనని అదే సెక్షన్ చెబుతుంది. ఎర్ర అక్షరాల మీద సున్నం కొట్టించడం దాచడం కాదా అని అడిగాను. "దాచడానికే కొట్టించాడని మనం రుజువు చేయాలమ్మా, ఇల్లు అందంగా ఉండాలని కొట్టించానంటాడు" అన్నారు లాయరుగారు.

ఇక సందు దావా సంగతి. కోర్టులో ఉన్న ఆస్తిని కొన్నవాళ్ళు ఆ కేసు ఫలితానికి కట్టుబడాలని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అంటుంది. అందుకని ఇప్పుడు వాయిదాలకు మేం తిరుగుతున్నాం. నాలుగేళ్ళ కేసు ముప్పై ఏళ్ళ ఈసీలో ఎందుకు కనబడలేదని అడిగితే, రిజిస్టరైన లావాదేవీలే ఈసీలోకి వస్తాయి, దావా వేసినంత మాత్రాన అది ఎక్కదు అన్నారు. మహారాష్ట్రలో అలా కాదు. 1939లో నాటి బొంబాయి ప్రావిన్సు తెచ్చిన సవరణ వర్తించే చోట్ల, ఆస్తి మీద దావా ఉందన్న నోటీసును రిజిస్టరు చేయిస్తేనే అది కొత్తగా కొన్నవాళ్ళను కట్టిపడేస్తుంది. దావా వేసినవాడే రిజిస్టరు చేయించుకుంటాడు, కొనేవాడి కంటపడుతుంది. ఎనభై ఏళ్ళు దాటినా మనకు ఆ వెసులుబాటు రాలేదు.

కొత్త ఫ్లాట్లు అమ్మే బిల్డర్లకు 2016 నాటి రెరా చట్టం ముకుతాడు వేసింది. ప్రాజెక్టు వివరాలు ముందే దాఖలు చెయ్యాలి, అబద్ధపు ప్రకటనలు నమ్మి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలి. కానీ ఒక మనిషి తన పాత ఇంటిని ఇంకో మనిషికి అమ్మితే రెరా అక్కడికి రాదు. నాలాంటి కొనుగోలుదారుకు దిక్కు ఆ 1872, 1882 చట్టాలే.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. కిందటేడు వాడక్కడ ఇల్లు కొన్నప్పుడు, అమ్మేవాళ్ళు నింపిచ్చిన ఫారం నాకు ఫోటో తీసి పంపాడు. పైకప్పు కారుతుందా, పునాదిలో పగుళ్ళున్నాయా అన్న ప్రశ్నల నడుమ ఒకటుంది. ఇరుగుపొరుగున చప్పుడు సమస్యలుగానీ ఇతర ఇబ్బందులుగానీ ఉన్నాయా? పక్కన రెండు గళ్ళు, అవును, కాదు. కింద అమ్మినవాళ్ళ సంతకం. "అమ్మా, నువ్వు కొన్నప్పుడు ఇలాంటిదేమీ ఇవ్వలేదా?" అని అడిగాడు. అక్కడ స్థిరపడిన మన తెలుగు పిల్లలు ఎంతమందో ఆ ఫారం చదివి ఇల్లు కొంటున్నారు, నింపి ఇల్లు అమ్ముతున్నారు. 1987 నుంచీ ఆ రాష్ట్రంలో అది తప్పనిసరి.

మన చట్టాలకు మూలమైన ఇంగ్లండులో కూడా, కొనేవాడే చూసుకోవాలన్నది పాత నియమం. అయినా ఇవాళ అక్కడ ఇల్లు అమ్మేవారు లాయర్ల సంఘం తయారుచేసిన ప్రశ్నపత్రం నింపి ఇస్తారు. ఈ ఇంటి గురించిగానీ చుట్టుపక్కల ఆస్తుల గురించిగానీ తగాదాలు, ఫిర్యాదులు ఉన్నాయా అని అందులో సూటిగా ఉంటుంది. 2003 నాటి ఒక కేసులో, ఇంటికి వెళ్ళే దారి విషయంలో పొరుగువారితో గొడవ నడుస్తున్నా లేదని రాసిన అమ్మకందార్లు 67,500 పౌండ్ల నష్టపరిహారం చెల్లించాల్సి వచ్చింది. అక్కడ మనుషులు మనకన్నా నిజాయితీపరులని నేననను. అక్కడ ప్రశ్న అడిగారు, జవాబు కాగితం మీద ఉంది. తేడా అంతే.

అలా పట్టుకునే బలం మన చట్టానికీ ఉంది. ఆస్తి గురించీ హక్కు గురించీ కొనేవారు అడిగిన సంబంధిత ప్రశ్నలకు, తనకు తెలిసినంతలో అమ్మేవారు జవాబు చెప్పాలని అదే 55వ సెక్షన్‌లో ఉంది. తెలిసి అబద్ధమాడితే కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసం. శిక్ష చట్టంలో ఉంది, బాధ్యత చట్టంలో ఉంది. లేనిది ప్రశ్న ఒక్కటే. ఇళ్ళు కొనేవాళ్ళలో ఎక్కువమందికి ఆ ప్రశ్న అడగాలని తెలియదు. తెలిసినవాళ్ళకు మొహమాటం. నమ్మకంగా కాఫీ ఇచ్చిన పెద్దమనిషిని "మీకు పక్కవాళ్ళతో పడదా?" అని ఎలా అడుగుతాం? అందుకే ఆ ప్రశ్న మా నోటి నుంచి కాకుండా ప్రభుత్వం ముద్రించిన కాగితం మీంచి రావాలి.

తమరికి నా విన్నపాలు మూడు.

మొదటిది, ఇళ్ళు, ఫ్లాట్లు, ఇంటి స్థలాల అమ్మకానికి "అమ్మకందారు వెల్లడి పత్రం" అని ఒక్క పేజీ ఫారం తెలుగులో తయారు చేయించండి. ఈ ఆస్తి, దాని హద్దులు, దారి, ఉమ్మడి గోడ, నీరు, మురుగు విషయంలో ఎవరితోనైనా దావా ఉందా, నంబరెంత? గడిచిన ఐదేళ్ళలో ఇరుగుపొరుగు మీద మీరుగానీ, మీ మీద వారుగానీ పోలీసులకో, మున్సిపాలిటీకో, అపార్టుమెంటు సంఘానికో రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా? లాయరు నోటీసులేమైనా వచ్చాయా? పెద్దమనుషుల్లో పెట్టిన తగువు ఏదైనా తెగకుండా ఉందా? పదే పదే ఇబ్బంది పెడుతున్న చప్పుడు, మురుగు, దారికి అడ్డు వంటివి ఉన్నాయా? ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులు, ఇద్దరి సంతకాలు చాలు.

రెండోది, ఆ పత్రం మీది తేదీ అడ్వాన్సు ఇచ్చిన తేదీకి ముందుదై ఉండాలి. రిజిస్ట్రేషన్ రోజున, లక్షలు చేతులు మారాక అడిగితే ప్రయోజనం లేదు. సబ్‌రిజిస్ట్రారు నిజానిజాలు విచారించనక్కర్లేదు. పత్రం దస్తావేజుకు జతపడిందా లేదా చూస్తే చాలు. రిజిస్ట్రేషన్ చట్టం 69వ సెక్షన్ కింద, ప్రభుత్వ ఆమోదంతో ఇన్‌స్పెక్టర్ జనరల్ నియమాలు చేయవచ్చు. అది చాలకపోతే, ఆస్తి బదిలీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్ రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కనుక శాసనసభలే సవరణ చేయవచ్చు. ఈలోగా కనీసం మీ నమూనా దస్తావేజుల్లో ఈ ప్రశ్నలు చేర్చండి. దస్తావేజు లేఖరులు వాటిని చూసే రాస్తారు.

మూడోది, మహారాష్ట్రలాగా దావా నోటీసును రిజిస్టరు చేయించే సవరణ తెచ్చి, అది ఈసీలో కనబడేట్టు చెయ్యండి.

ఇళ్ళ ధరలు పడిపోతాయని కొందరు అంటారు. దాచిపెట్టి రాబట్టిన ధర ఆ ఇంటిది కాదు, అది కొనేవాడి అమాయకత్వానిది. తెలిసి కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు, లేదా తగువు తీర్చుకుని రమ్మంటాడు. రెండూ న్యాయమే.

పొరుగువాళ్ళ మీద నిందలు రాస్తారని ఇంకొందరి భయం. అందుకే ఫారంలో మనుషుల గుణగణాలు అడగకూడదు. కేసు నంబరు, ఫిర్యాదు తేదీ, నోటీసు లాంటి జరిగిన సంగతులే అడగాలి. ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పక్కింటివారి కులమేమిటి, మతమేమిటి, ఏం తింటారు అన్నది ఏ రూపంలోనూ ఆ కాగితం మీదికి రాకూడదు. అవి ఇబ్బందులు కావు. అలాంటివి అడగడాన్నీ రాయడాన్నీ ఆ నియమంలోనే నిషేధించండి. లేకపోతే మేలు కోసం పుట్టిన ఫారం కీడుకు పనికొస్తుంది.

వేధింపులు తట్టుకోలేక ఇల్లు అమ్ముకుని పోతున్నవాళ్ళ సంగతేమిటన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. ఒంటరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు అలా అమ్ముకుని పోయినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ బాధ తీరాలి. తమ బాధను తెలియని ఇంకొకరి నెత్తిన పెట్టి వెళ్ళడం దానికి దారి కాదు. ఆ వచ్చేవాళ్ళలోనూ ఒంటరివాళ్ళు, ముసలివాళ్ళు ఉంటారు. నివాస ప్రాంతాల్లో రాత్రి పది తర్వాత చప్పుడు 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటిని అమలు చేయించే నాథుడుంటే ఇళ్ళు అమ్ముకుపోయేవాళ్ళే తగ్గుతారు.

మా పక్కింటాయన గురించి కూడా చెప్పాలి. మొదటి ఆరునెలలూ ఆయన్ని శత్రువుగానే చూశాం. ఒకరోజు వానలో గొడుగేసుకుని సందులోకి వెళ్ళి నిలబడ్డాను. మా డాబా మీది నీళ్ళన్నీ తూము గుండా ఆయన గోడ మొదట్లోనే పడుతున్నాయి. గోడ నానిపోయి, లోపల పడగ్గదిలో చెమ్మ చేయిపెట్టినంత మేర ఎక్కింది. చాలా ఏళ్ళుగా ఆయన మొత్తుకుంటున్నది దాని గురించే. సందు తగాదా దాని కడుపున పుట్టింది. మేం పైపు వేయించి నీళ్ళు వీధి కాలువలోకి మళ్ళించాం. ఆ మర్నాటి నుంచి ఆయన పలకరిస్తున్నారు. దావా మాత్రం ఇంకా ఉంది. కోర్టుకెక్కిన తగువు పైపుతో దిగదు. అడ్వాన్సుకు ముందే ఈ సంగతి ఒక కాగితం మీద ఉండి ఉంటే, ఆ పైపు అమ్మినాయన చేతే వేయించేవాళ్ళం. వెల్లడి పత్రం కొనేవాడికే కాదు, పక్కింటివాడికీ మేలు చేస్తుంది. ఆయన ఎర్ర అక్షరాల్లో గోడ మీద రాసుకోవాల్సి వచ్చిన మాటకు అప్పుడు సరైన చోటు దొరుకుతుంది.

అయ్యా, రిజిస్ట్రేషన్ నాడు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర రూపాయలు మీ ఖజానాకు కట్టాం. రూపాయి తగ్గించమని అడగడం లేదు. ఆ డబ్బుకు ప్రతిగా, మాలాంటివాళ్ళ తరఫున అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడిగిపెట్టమంటున్నాను.

ఇల్లు కొనబోతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ప్రభుత్వం అడిగేదాకా మీరే అడగండి. నోటితో కాదు, రాతలో అడగండి. జవాబు రాతలో తీసుకోండి. బేరం కుదిరేముందు ఒక సాయంత్రం, ఒక రాత్రి ఆ వీధికి వెళ్ళండి. రెండు పక్కలా, ఎదురింటా తలుపు తట్టండి. ఈకోర్టుల సైటులో అమ్మేవారి పేరు కొట్టి చూడండి.

మేమూ ఏదో ఒకనాడు ఈ ఇల్లు అమ్మాల్సి రావచ్చు. ఆరోజుకు కావలసిన కాగితం ఇప్పుడే రాసి దస్తావేజుల సంచిలో పెట్టాను. దావా నంబరు, వాయిదాల వివరాలు, తూము సంగతి, పైపు వేయించిన తేదీ, కింద మా ఇద్దరి సంతకాలు ఉన్నాయి. సందువైపు గోడకు ఇంతవరకూ సున్నం వేయించలేదు. దావా తేలేదాకా వేయించం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
గుంటూరు జిల్లా